యూకేలో పార్కింగ్ ఫైన్ పడిందా? మొదటి కవర్ నుంచి కోర్టు లెటర్ దాకా అప్పీల్ చేసే పద్ధతి

హైదరాబాద్‌లో చలాన్ పడితే మనలో చాలామంది చేసే పని ఒక్కటే, డిస్కౌంట్ ఎప్పుడిస్తారా అని ఎదురుచూడటం. తెలంగాణలో 2022లో, మళ్లీ 2023 చివర్లో పెండింగ్ చలాన్ల మీద భారీ తగ్గింపు ఇచ్చారు కూడా. ఆ అలవాటుతో యూకేలో ఊరుకుంటే మునిగిపోతారు. ఇక్కడ లెక్క తలకిందులు. మొదటి 14 రోజుల్లో మొత్తం తక్కువగా ఉంటుంది, ఆ తర్వాత పెరుగుతూ పోతుంది.

అలాగని వచ్చిన ప్రతి నోటీసుకీ డబ్బు కట్టేయాల్సిన పని లేదు. పద్ధతి ప్రకారం అడిగితే చాలా నోటీసులు రద్దవుతాయి. దానికి జాలి కలిగించే కథ అక్కర్లేదు. తేదీలు, ఫొటోలు, సరైన కాగితం సరైన చోటికి సరైన టైమ్‌లో పంపడం, ఇవి చాలు.

ఇది ఇంగ్లండ్, వేల్స్‌లో ఉన్నవాళ్ల కోసం. స్కాట్లాండ్, నార్తర్న్ ఐర్లండ్‌లో నిబంధనలు వేరు.

1. ముందు తేల్చాల్సింది: పంపింది ఎవరు?

కవర్ మీద "పీసీఎన్" అని ఉంటుంది. కౌన్సిల్ పంపే పెనాల్టీ ఛార్జ్ నోటీసూ పీసీఎన్నే, ప్రైవేట్ కంపెనీ పంపే పార్కింగ్ ఛార్జ్ నోటీసూ పీసీఎన్నే. రంగు, డిజైన్ కూడా ఒకేలా ఉండేట్టు చూసుకుంటారు. కానీ రెండింటి దారులూ పూర్తిగా వేరు. ఒకదానికి పనికొచ్చే సలహా ఇంకోదానికి నష్టం చేస్తుంది. కాబట్టి నోటీసు చేతికి రాగానే ఈ మూడింట్లో ఏదో చూడండి.

- కౌన్సిల్ నోటీసు: "పెనాల్టీ" అనే మాట, కౌన్సిల్ పేరు, ట్రాఫిక్ మేనేజ్‌మెంట్ యాక్ట్ 2004 ప్రస్తావన ఉంటాయి. వీధిలో, కౌన్సిల్ కార్ పార్కుల్లో పడేది ఎక్కువగా ఇదే.
- ప్రైవేట్ నోటీసు: కంపెనీ పేరు చివర "లిమిటెడ్" ఉంటుంది. సూపర్‌మార్కెట్, రిటైల్ పార్క్, అపార్ట్‌మెంట్ బ్లాక్, హాస్పిటల్ కార్ పార్క్ లాంటి చోట్ల పడుతుంది. చట్టం దృష్టిలో ఇది ఫైన్ కాదు, కాంట్రాక్టు ఉల్లంఘించారంటూ ఆ కంపెనీ పంపే బిల్లు.
- పోలీసుల ఫిక్స్‌డ్ పెనాల్టీ నోటీసు: జీబ్రా క్రాసింగ్ దగ్గరి జిగ్‌జాగ్ గీతల మీద ఆపితే ఇది రావచ్చు. లైసెన్స్ మీద పాయింట్లు పడే అవకాశం ఉంది. ఇక్కడ రాసిన పద్ధతులేవీ దీనికి వర్తించవు. నోటీసు వెనక ఉన్న సూచనలే చూసుకోండి.

మొదటి రెండింట్లో ఏది వచ్చినా లైసెన్స్ మీద పాయింట్లు పడవు, క్రిమినల్ రికార్డు రాదు. ఆ టెన్షన్ పక్కన పెట్టండి.

2. బండి కదపక ముందే ఆధారాలు

అద్దం మీద కవర్ కనిపించగానే చిరాకు వస్తుంది, వెంటనే బయల్దేరాలనిపిస్తుంది. ఐదు నిమిషాలు ఆగండి. ఆ ఐదు నిమిషాల్లో తీసిన ఫొటోలే తర్వాత మీ కేసు.

- బండి నాలుగు వైపుల నుంచీ, నంబర్ ప్లేట్, చక్రాలు గీతలకి ఎక్కడ ఉన్నాయో కనిపించేలా
- దగ్గరలో ఉన్న సైన్‌బోర్డు రెండు ఫొటోలు: ఒకటి చదవగలిగేంత దగ్గరగా, ఒకటి డ్రైవర్ సీటు నుంచి ఎలా కనిపిస్తుందో అలా
- బోర్డు కొమ్మల చాటున ఉందా, తిరగబడి ఉందా, లైటు లేదా, చెరిగిపోయిందా
- రోడ్డు మీది గీతలు, అరిగిపోయి ఉంటే ఆ చోటు
- పే మెషిన్ స్క్రీన్, ముఖ్యంగా పనిచేయకపోతే
- టికెట్ అద్దం వెనక ఉంటే, బయటి నుంచి అది కనిపిస్తున్నట్టు
- నోటీసు రెండు వైపులా

పసుపు గీతల దగ్గర ఆపి ఉంటే ఫుట్‌పాత్ అంచుని కూడా ఫొటో తీయండి. అంచు మీద చిన్న పసుపు అడ్డగీతలు ఉంటే అక్కడ లోడింగ్‌కి ఆంక్షలు ఉన్నట్టు. అవి లేకపోతే డబుల్ ఎల్లో లైన్ మీద కూడా సామాను దింపడానికి ఆపొచ్చు. ఇల్లు మారుతూ వాషింగ్ మెషిన్ దింపుతుండగా నోటీసు పడ్డవాళ్లకి ఈ ఒక్క ఫొటో చాలాసార్లు ప్రాణం పోస్తుంది.

ఇంటికొచ్చాక రింగో, పేబైఫోన్ లాంటి యాప్‌తో కట్టి ఉంటే రసీదు డౌన్‌లోడ్ చేసుకోండి. బ్యాంక్ స్టేట్‌మెంట్ మాత్రమే పెడితే సరిపోదు. ఏ లొకేషన్‌కి, ఏ బండికి, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా కట్టారో రసీదులోనే ఉంటుంది.

3. కట్టేయడమా, పోరాడటమా: లెక్క వేసుకోండి

లండన్ బయట కౌన్సిల్ పెనాల్టీ సాధారణంగా 50 లేదా 70 పౌండ్లు. 14 రోజుల్లో కడితే సగం. లండన్‌లో 2025 ఏప్రిల్ నుంచి గరిష్ఠంగా 160 పౌండ్ల దాకా వెళ్తుంది. ప్రైవేట్ నోటీసు సాధారణంగా 100 పౌండ్లు, 14 రోజుల్లో కడితే 60.

డబ్బు కట్టారంటే కేసు అక్కడితో ముగిసినట్టే. "ముందు డిస్కౌంట్‌లో కట్టేసి తర్వాత అప్పీల్ చేద్దాం" అనుకోవద్దు, అలా కుదరదు.

నా లెక్క ఇది. తప్పు స్పష్టంగా మనదే, చూపించడానికి ఒక్క కాగితం కూడా లేదు, పైగా అది కౌన్సిల్ నోటీసు అయితే, సగం కట్టేసి నిద్రపోండి. ఆధారం ఉంటే మాత్రం 14 రోజుల లోపే మొదటి అభ్యంతరం పంపండి. దాన్ని తిరస్కరించినా చాలా కౌన్సిళ్లు సగం ధర అవకాశాన్ని మళ్లీ 14 రోజులు ఇస్తాయి. అంటే ఆ మొదటి మెట్టులో మీకు పోయేదేమీ లేదు.

4. కౌన్సిల్ నోటీసు: మెట్లు వరసగా

4.1 మొదటి అభ్యంతరం. నోటీసు తేదీ నుంచి 14 రోజుల లోపు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పెట్టండి. పోర్టల్‌లో నోటీసు నంబర్, బండి నంబర్ కొడితే సివిల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసర్ (నోటీసు వేసే కౌన్సిల్ మనిషి) తీసిన ఫొటోలు కనిపిస్తాయి. రాయడానికి ముందు వాటిని చూడండి. చాలాసార్లు మీకు కావలసిన సాక్ష్యం వాళ్ల ఫొటోలోనే దొరుకుతుంది. పూర్తయ్యాక వచ్చే కన్ఫర్మేషన్ ఈమెయిల్‌ని దాచుకోండి.

4.2 నోటీస్ టు ఓనర్. అభ్యంతరం తిరస్కరించాక, లేదా 28 రోజులు కట్టకుండా ఉంటే, బండి రిజిస్టర్డ్ కీపర్ (లాగ్‌బుక్‌లో పేరున్న మనిషి) పేరు మీద ఇది పోస్టులో వస్తుంది. అధికారిక అభ్యంతరం పెట్టే మెట్టు ఇదే. మళ్లీ 28 రోజులు. మొదట రాసినదాన్నే కాపీ చేసి పంపకండి. తిరస్కరణ లెటర్‌లో వాళ్లు దేనికి జవాబు చెప్పలేదో వెతికి, దాన్నే ముందు పెట్టండి. సాధారణంగా ఇక్కడి నుంచి సగం ధర అవకాశం ఉండదు.

కౌన్సిల్ దీనికి 56 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే మీ అభ్యంతరాన్ని ఒప్పుకున్నట్టే లెక్క. ఫోన్ క్యాలెండర్‌లో ఆ తేదీ పెట్టుకోండి.

4.3 ట్రిబ్యునల్. తిరస్కరణ నోటీసు వస్తే ట్రిబ్యునల్‌కి వెళ్లడానికి 28 రోజులు ఉంటాయి. లండన్ అయితే లండన్ ట్రిబ్యునల్స్, మిగతా ఇంగ్లండ్, వేల్స్‌కి ట్రాఫిక్ పెనాల్టీ ట్రిబ్యునల్. ఫీజు లేదు. లాయర్ అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో వేయొచ్చు, కాగితాలు చూసి తీర్పు ఇమ్మనొచ్చు, లేదా హియరింగ్‌లో ఫోన్‌లోనో వీడియోలోనో మాట్లాడొచ్చు. ఓడిపోతే పూర్తి పెనాల్టీ కట్టాలి. మరీ అర్థంలేని కేసు వేస్తే తప్ప అంతకు మించి ఖర్చులు పడవు.

ఇక్కడ తీర్పు చెప్పే అడ్జుడికేటర్ కౌన్సిల్ మనిషి కాదు. ఆధారం గట్టిగా ఉన్నవాళ్లు కూడా "కోర్టు" అనగానే భయపడి ఈ మెట్టు ముందే ఆగిపోతుంటారు. మొత్తం దారిలో నిష్పాక్షికంగా వినే చోటు ఇదే.

4.4 ఏమీ చేయకపోతే. పెనాల్టీ 50 శాతం పెరిగి ఛార్జ్ సర్టిఫికెట్ వస్తుంది. ఆ తర్వాత నార్తాంప్టన్‌లోని ట్రాఫిక్ ఎన్‌ఫోర్స్‌మెంట్ సెంటర్‌లో అప్పుగా నమోదై ఆర్డర్ ఫర్ రికవరీ వస్తుంది. ఆ తర్వాత బెయిలిఫ్‌లు, అంటే అప్పు కింద సామాను తీసుకెళ్లే అధికారం ఉన్నవాళ్లు. నోటీస్ టు ఓనర్ మీకు నిజంగా చేరకపోతే, లేదా మీరు పంపిన అభ్యంతరానికి జవాబే రాకపోతే, టీఈ9 అనే ఫారంతో కేసుని వెనక్కి తిప్పొచ్చు. ఆర్డర్ వచ్చాక 21 రోజుల్లో పంపాలి. గడువు దాటితే దానితో పాటు టీఈ7 కూడా పంపి, ఆలస్యం ఎందుకైందో చెప్పాలి. అందులో అబద్ధం రాయడం నేరం.

బస్ స్టాప్, స్కూల్ ముందు గీతల లాంటి చోట్ల కెమెరాతో పట్టి పోస్టులో పంపే నోటీసుకి ఆ మొదటి మెట్టు ఉండదు. నేరుగా అధికారిక అభ్యంతరమే. దానికి సగం ధర గడువు 21 రోజులు.

5. కౌన్సిల్ దగ్గర ఏ కారణం నిలుస్తుంది?

నిలిచేవి:

- కట్టిన టైమ్ అయిపోయాక 10 నిమిషాల లోపే నోటీసు వేశారు. ఇంగ్లండ్‌లో కౌన్సిల్ పార్కింగ్ బేలకి ఈ 10 నిమిషాల గ్రేస్ చట్టంలోనే ఉంది. పసుపు గీతలకి వర్తించదు, అసలు డబ్బే కట్టనివాళ్లకి కూడా వర్తించదు.
- బోర్డు, గీతలు సరిగా లేవు, లేదా ఒకదానికొకటి పొంతన లేదు
- సామాను దింపుతున్నారు, లేదా మనుషులు ఎక్కుతూ దిగుతూ ఉన్నారు
- బండి అప్పటికే అమ్మేశారు, లేదా దొంగతనానికి గురైంది
- నోటీసులో తేదీ, చోటు, బండి నంబర్ లాంటి ముఖ్యమైన వివరం తప్పు, లేదా కౌన్సిల్ తన పద్ధతి తనే పాటించలేదు
- బండి మధ్యలో ఆగిపోయింది, రికవరీ రసీదు ఉంది

నిలవనివి: "రెండు నిమిషాలే ఆపాను", "అందరూ అక్కడే ఆపుతారు", "కొత్తగా వచ్చాను, రూల్స్ తెలియవు", "స్టూడెంట్‌ని, డబ్బుల్లేవు". చివరిదాన్ని కౌన్సిల్ తన ఇష్టంతో పట్టించుకోవచ్చు. కానీ ట్రిబ్యునల్‌కి ఆ కారణంతో పెనాల్టీ కొట్టేసే అధికారం లేదు, మళ్లీ ఆలోచించమని కౌన్సిల్‌కి సిఫార్సు మాత్రం చేయగలదు. ఆస్పత్రి ఎమర్జెన్సీ లాంటిది ఉంటే రాయండి, కాగితం జత చేయండి, కానీ గట్టి కారణం ఇంకొకటి ఉంటే దాని తర్వాతే రాయండి.

6. లెటర్ రాయడం

మన స్కూళ్లలో నేర్పిన లీవ్ లెటర్ ధోరణి ఇక్కడ అడ్డొస్తుంది. "దయతో నన్ను క్షమించి" అని మొదలుపెడితే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుంది. ఇంగ్లిష్ అద్భుతంగా ఉండాల్సిన పనీ లేదు. చిన్న వాక్యాలు, టైమ్‌లు, జతపరచిన కాగితాల నంబర్లు, అంతే.

ఉదాహరణకి వీధిలోని పే బేలో 1:30 నుంచి 2:30 దాకా యాప్‌లో కట్టారు, నోటీసు మీద టైమ్ 2:38 ఉంది అనుకుందాం. ఇంగ్లిష్‌లో రాయాల్సిన సారం ఇది:

> నోటీసు నంబర్, బండి నంబర్, తేదీ.
> ఈ పెనాల్టీ మీద అభ్యంతరం తెలుపుతున్నాను. ఉల్లంఘన జరగలేదు.
> ఫలానా బేకి 1:30 నుంచి 2:30 దాకా డబ్బు కట్టాను. రసీదు జత 1.
> మీ నోటీసు 2:38కి జారీ అయింది. ఫొటో జత 2.
> కట్టిన సమయం ముగిశాక 10 నిమిషాల దాకా పెనాల్టీ వేయకూడదని నిబంధన ఉంది. ఇక్కడ 8 నిమిషాలే అయింది.
> నోటీసు రద్దు చేయగలరు. తిరస్కరించేట్టయితే ఆఫీసర్ నోట్స్, అన్ని ఫొటోలు పంపగలరు.

ఇంతకన్నా పొడుగు అక్కర్లేదు. ఆలస్యం ఎందుకైందో, బ్యాంకులో క్యూ ఎంత ఉందో రాయాలనిపిస్తుంది. రాయకండి. 8 నిమిషాలే చాలు.

7. ప్రైవేట్ నోటీసు: ఇక్కడ ఆట వేరు

7.1 ముందు షాపు వాళ్లని అడగండి. చాలామంది దాటేసే మెట్టు ఇది. సూపర్‌మార్కెట్ కార్ పార్కులో నోటీసు వస్తే, అదే రోజు కొన్న బిల్లు పట్టుకుని కస్టమర్ సర్వీస్ డెస్క్‌కి వెళ్లండి. మేనేజర్‌తో మాట్లాడండి. స్థలం వాళ్లది, లేదా వాళ్లు అద్దెకు తీసుకున్నది. పార్కింగ్ కంపెనీకి చెప్పి రద్దు చేయించగలరు. బిల్లు పారేసినా లాయల్టీ కార్డు హిస్టరీ, బ్యాంక్ యాప్ ఎంట్రీ చూపించొచ్చు. హాస్పిటల్, జిమ్, హోటల్, రెస్టారెంట్ ఏదైనా ఇదే పద్ధతి. ఇది చేస్తున్నా కంపెనీ దగ్గర అప్పీల్ గడువు మాత్రం దాటనివ్వకండి.

7.2 నడిపింది ఎవరో రాయకండి. కౌన్సిల్ నోటీసుకి డ్రైవర్ ఎవరన్నది లెక్కలోకి రాదు, బాధ్యత ఓనర్‌దే. ప్రైవేట్ కంపెనీకి అలా కాదు. కాంట్రాక్టు డ్రైవర్‌తో. డ్రైవర్ ఎవరో తెలియకపోతే కీపర్ దగ్గర వసూలు చేయాలంటే ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ యాక్ట్ 2012, షెడ్యూల్ 4లోని షరతులన్నీ వాళ్లు పాటించి ఉండాలి.

"నేను కారు ఆపి లోపలికి వెళ్లాను" అని ఒక్క వాక్యం రాశారా, ఆ రక్షణ పోయినట్టే. "ఈ బండికి నేను రిజిస్టర్డ్ కీపర్‌ని. డ్రైవర్ వివరాలు ఇవ్వాల్సిన బాధ్యత నాకు లేదు" అని రాయండి. ఆన్‌లైన్ ఫారంలో డ్రైవర్, కీపర్ అని ఎంపికలుంటే కీపర్ నొక్కండి. ఇది అబద్ధం కాదు, మీరు కీపరే. తమ్ముడు నడిపాడని అబద్ధపు పేరు ఇవ్వడం మాత్రం వేరే సంగతి, ఆ పని ఎప్పుడూ చేయొద్దు.

7.3 తేదీ లెక్క చూడండి. కెమెరాతో నంబర్ ప్లేట్ చదివి పోస్టులో పంపే నోటీసు, పార్క్ చేసిన మర్నాటి నుంచి లెక్కేస్తే 14 రోజుల లోపు కీపర్‌కి చేరాలి. మార్చి 3న పార్క్ చేస్తే మార్చి 17 ఆఖరు. పోస్ట్ చేసిన తర్వాత రెండో వర్కింగ్ డేకి చేరినట్టు చట్టం లెక్కేస్తుంది. కాబట్టి మార్చి 16న పోస్ట్ చేసిన లెటర్ ఆలస్యమే. అప్పుడు కీపర్ దగ్గర వసూలు చేసే హక్కు వాళ్లకి లేదు. డ్రైవర్ మీద హక్కు మాత్రం మిగిలే ఉంటుంది, అందుకే పై మెట్టు అంత ముఖ్యం.

అద్దం మీద టికెట్ పెట్టి వెళ్లిన కేసులో కీపర్‌కి నోటీసు 28 రోజులు దాటాక, 56 రోజుల లోపు రావాలి.

రైల్వే స్టేషన్లు, ఎయిర్‌పోర్టుల్లో బైలాస్ (ఆ స్థలానికే ఉన్న ప్రత్యేక చట్టపు నిబంధనలు) అమల్లో ఉన్న చోట ఈ కీపర్ బాధ్యత చట్టమే వర్తించదు. అలాంటి చోటి నుంచి నోటీసు వస్తే దాన్నే మొదటి పాయింటుగా రాయండి.

7.4 కెమెరా చూసేది గేటుని, పార్కింగ్‌ని కాదు. రెండు గంటలు ఫ్రీ ఉన్న చోట "లోపలికి 13:02, బయటికి 15:18" అని నోటీసు వచ్చిందనుకోండి. 16 నిమిషాలు ఎక్కువ అని వాళ్ల వాదన. కానీ 13:02 గేటు దాటిన టైమ్. ఖాళీ వెతుక్కోవడం, బోర్డు చదవడం, చివర్లో బయటికి వెళ్లే క్యూ, ఇవన్నీ అందులోనే కలిసిపోయాయి. ప్రైవేట్ పార్కింగ్ కంపెనీల రెండు ట్రేడ్ సంఘాలూ కలిసి 2024 అక్టోబర్ నుంచి అమల్లోకి తెచ్చిన ఉమ్మడి కోడ్ ప్రకారం, షరతులు చదివి ఆలోచించుకోవడానికి సాధారణంగా కనీసం 5 నిమిషాలు, పార్కింగ్ సమయం ముగిశాక 10 నిమిషాల గ్రేస్ ఇవ్వాలి. శనివారం సాయంత్రం క్యూ ఉంటే ఆ మాట, షాపు బిల్లు మీది టైమ్, ఫోన్‌లోని లొకేషన్ హిస్టరీ జత చేయండి.

7.5 కీప్యాడ్ తప్పులు. మెషిన్‌లో సున్నా బదులు ఇంగ్లిష్ ఓ కొట్టడం, ఒక అక్షరం వదిలేయడం రోజూ జరిగే పని. డబ్బు కట్టిన ఆధారం ఉండి, తప్పు చిన్నదైతే అప్పీల్‌లో రద్దు చేయాలని అదే కోడ్ చెబుతోంది. ఇంట్లోని ఇంకో బండి నంబర్ కొట్టేయడం లాంటి పెద్ద తప్పయితే 20 పౌండ్లకి తగ్గించాలి. యాప్‌లో పాత కారు సేవ్ అయి ఉండి దానికి కట్టేసినవాళ్లు ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి.

7.6 రెండో మెట్టు. కంపెనీ తిరస్కరిస్తే లెటర్‌లో ఎక్కడికి వెళ్లాలో ఉంటుంది. కంపెనీ బ్రిటిష్ పార్కింగ్ అసోసియేషన్‌లో ఉంటే పోప్లా అనే అప్పీల్ సంస్థ. ఇంటర్నేషనల్ పార్కింగ్ కమ్యూనిటీలో ఉంటే ఐఏఎస్ అనే ఇంకో అప్పీల్ సంస్థ. పోప్లాకి 28 రోజుల గడువు, లెటర్‌లో ఇచ్చిన కోడ్ కావాలి, ఫీజు లేదు. తీర్పుకి కంపెనీ కట్టుబడాలి, మీరు కట్టుబడక్కర్లేదు.

పోప్లాకి రాసేటప్పుడు కథ మానేసి పాయింట్లు వేయండి:

- కీపర్ నోటీసు షెడ్యూల్ 4 ప్రకారం లేదు (ఏ షరతు తప్పిందో చెప్పండి)
- బోర్డులు కనిపించవు, అక్షరాలు చిన్నవి (ఫొటోలు)
- స్థలం యజమానితో కాంట్రాక్టు ఉన్నట్టు కంపెనీ రుజువు చేయాలి
- గ్రేస్ సమయం ఇవ్వలేదు

కంపెనీ తన ఆధారాలు అప్‌లోడ్ చేశాక వ్యాఖ్యానించడానికి మీకు 7 రోజులు ఇస్తారు. చాలామంది ఆ ఈమెయిల్ తెరవరు. తెరవండి. వాళ్లు పెట్టిన బోర్డు ఫొటో పాతదనో, ఇంకో ప్రవేశద్వారం దగ్గరిదనో అప్పుడే బయటపడుతుంది. ఐఏఎస్ దగ్గర మాత్రం మరీ ఎక్కువ ఆశ పెట్టుకోవద్దని నా సలహా. ఓడినా ఆ తీర్పు మామూలు అప్పీల్‌లో మీ మీద బంధనం కాదు.

8. "డెట్ రికవరీ" లెటర్లు, అసలు కోర్టు లెటర్లు

ప్రైవేట్ నోటీసు కట్టకపోతే ఎర్ర అక్షరాలతో లెటర్లు మొదలవుతాయి. 100 పౌండ్లు 170 అవుతుంది. ఈ డెట్ కలెక్టర్లు బెయిలిఫ్‌లు కారు, ఇంటికొచ్చి సామాను తీసుకెళ్లే అధికారం వాళ్లకి లేదు. అక్కడిదాకా భయపడక్కర్లేదు.

కానీ "పట్టించుకోకు, ఏం కాదు" అని చెప్పే సీనియర్ సలహా ఇక్కడే కొంప ముంచుతుంది. ఆ గుట్టలో రెండు లెటర్లు నిజమైనవి.

- లెటర్ బిఫోర్ క్లెయిమ్: కోర్టులో కేసు వేసే ముందు పంపే హెచ్చరిక. జవాబుకి 30 రోజులు. మీ వాదన క్లుప్తంగా రాసి పంపండి.
- కౌంటీ కోర్టు క్లెయిమ్ ఫారం: కోర్టు నుంచి వస్తుంది. అందినట్టు లెక్కించే తేదీ నుంచి 14 రోజుల్లో అక్నాలెడ్జ్‌మెంట్ పెడితే, డిఫెన్స్ రాయడానికి మొత్తం 28 రోజులు దొరుకుతాయి.

క్లెయిమ్ ఫారానికి జవాబు ఇవ్వకపోతే మీ మాట వినకుండానే తీర్పు వచ్చేస్తుంది. అదే సీసీజే, అంటే కౌంటీ కోర్ట్ జడ్జ్‌మెంట్. నెలలోపు పూర్తిగా కడితే రికార్డు నుంచి తీసేస్తారు, లేకపోతే 6 ఏళ్లు ఉంటుంది. ఫోన్ కాంట్రాక్టు, ఇంటి అద్దె చెక్, మార్ట్‌గేజ్ అన్నీ ఇబ్బందే. వీసా దరఖాస్తులో సివిల్ కోర్టు తీర్పుల గురించి అడిగే ప్రశ్న కూడా ఉంటుంది.

కాంట్రాక్టు బిల్లు కాబట్టి కోర్టు ఎప్పుడూ కొట్టేస్తుందని కూడా అనుకోకండి. 2015లో పార్కింగ్‌ఐ వర్సెస్ బీవిస్ కేసులో యూకే సుప్రీంకోర్టు 85 పౌండ్ల ఛార్జ్ సమంజసమేనని తేల్చింది. గెలవాలంటే మీ కేసులో పాయింట్ ఉండాలి.

9. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

- ఫోన్‌లో అప్పీల్ చేయడం. రికార్డు మిగలదు. ఎవరితో మాట్లాడినా ఆ తర్వాత ఒక ఈమెయిల్ పంపండి.
- 14వ రోజు రాత్రి పోర్టల్ తెరవడం. అప్పుడే అది మెయింటెనెన్స్‌లో ఉంటుంది. 10వ రోజుకే ముగించండి.
- ఒరిజినల్ టికెట్ పోస్టులో పంపేయడం. ఎప్పుడూ కాపీయే. పోస్టులో పంపాల్సి వస్తే పోస్టాఫీసులో ప్రూఫ్ ఆఫ్ పోస్టింగ్ అడగండి, డబ్బు తీసుకోరు.
- పది కారణాలు పేర్చడం. బలహీనమైనవి బలమైనదాన్ని మింగేస్తాయి. రెండో మూడో చాలు.
- ప్రైవేట్ కంపెనీ ఫొటోలు ఇవ్వకపోవడం. సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్ పెట్టండి. మీ పేరు మీద, బండి మీద ఉన్న సమాచారమంతా సాధారణంగా నెల లోపు ఇవ్వాలి, ఫీజు లేదు.
- నెట్‌లో దొరికిన పది పేజీల టెంప్లేట్ అతికించడం. మీ కార్ పార్కులో లేని బోర్డు గురించి రాసి దొరికిపోతారు.

ఎక్కడైనా ఆగిపోతే సిటిజన్స్ అడ్వైస్‌లో ఉచితంగా సహాయం చేస్తారు. చాలా యూనివర్సిటీల స్టూడెంట్స్ యూనియన్లలో కూడా అడ్వైస్ డెస్క్ ఉంటుంది.

10. అడ్రస్, లాగ్‌బుక్, ఇండియా ప్రయాణం

మనవాళ్లకి సీసీజేలు పడే కారణాల్లో పెద్దది అప్పీల్ చేతకాకపోవడం కాదు. లెటర్ పాత ఇంటికి వెళ్లడం. షేరింగ్ ఇళ్లు ఏడాదికోసారి మారతాం, లైసెన్స్ మీద అడ్రస్ మారుస్తాం, బండి లాగ్‌బుక్ వీ5సీ మీద మార్చడం మర్చిపోతాం. నోటీసులన్నీ వెళ్లేది వీ5సీ అడ్రస్‌కే. లైసెన్సులు, బండ్ల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్ఏ వెబ్‌సైట్‌లో ఇది ఉచితంగా మారుతుంది. మార్చకపోతే 1,000 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు.

- ఇల్లు మారిన వారంలోనే లైసెన్స్, వీ5సీ రెండూ మార్చండి
- తెలిసినవాళ్లకి కారు అమ్మితే డబ్బు చేతికి రాగానే, వాళ్ల ముందే ఆన్‌లైన్‌లో ట్రాన్స్‌ఫర్ చేయండి, ఈమెయిల్ దాచండి
- స్నేహితుడి పేరు మీద ఉన్న కారు నడుపుతుంటే, కవర్ వచ్చిన రోజే మీకు ఫొటో పంపమని అతనికి చెప్పండి
- రెండు నెలలు ఇండియా వెళ్తుంటే పోస్టు తెరిచి చూసే మనిషిని పెట్టండి, లేదా రాయల్ మెయిల్ రీడైరెక్షన్ తీసుకోండి

వెళ్లే ముందు పెండింగ్‌లో ఉన్న అప్పీల్ ఏదైనా ఉంటే, మీరు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉండరో కౌన్సిల్‌కో కంపెనీకో ఈమెయిల్ పెట్టి, విమానం టికెట్లు దాచుకోండి. తిరిగొచ్చాక ఆర్డర్ ఫర్ రికవరీ కనిపిస్తే, టీఈ7లో ఆలస్యానికి కారణంగా చూపించేది ఆ టికెట్లనే.